తప్పు కూడు తిన్న ఊరు

పదకొండో భాగం

లేబర్ ఆఫీసరు గంగాభవాని అరకు స్టేషన్లో రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద కనక ఒక్కతే నిలబడి ఉంది. పోయిన వారం మనం అక్కడ ఆగాం. అయిదుగురు సాక్షులను వెంటబెట్టుకుని వస్తానన్న మనిషి వెనకాల అరటిపళ్ల బుట్టలు తప్ప మరేమీ లేవు.

ఇప్పుడే ఈ కథ చేతికి తీసుకున్నవారికి రెండు ముక్కలు. కనక కొండ కింద లాడ్జిలో తొమ్మిదేళ్లు వంటగది హెల్పరు. ఆ తొమ్మిదేళ్లలో ముగ్గురు వంటమనుషులు ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె మీదే పెత్తనం చేసి, వేరే చోటికి వెళ్లిపోయారు. మూడోవాడు వెళ్లినప్పుడు ఆ పని తనకిమ్మని కనక నోరు తెరిచి అడిగింది. మేనేజరు పోలయ్య ఇవ్వలేదు సరికదా, కింది మైదానం నుంచి మరో మగమనిషిని తెచ్చి, అడిగిన పాపానికి కనకను బాత్రూములు కడిగే పనికి మార్చాడు. ఆమె ఫిర్యాదు రాయించి పోస్టు చేసింది. విచారణ రెండుసార్లు వాయిదా పడింది. ఇవాళ తేలకపోతే ఫైలు మూసేయమని గంగాభవానికి పైనుంచి కాగితం వచ్చింది.

"సాక్షులేరమ్మా?" అంది గంగాభవాని.

"లాడ్జి కాడికే ఒచ్చేసినారు మేడమ్. మా మావతో ఒచ్చినారు."

"మామగారితోనా? మరి నీతో ఎందుకు రాలేదు?"

కనక గంగాభవాని చేతిలోని ఫైలు సంచి అందుకుని ముందు నడిచింది.

గంగాభవానికి యాభై మూడేళ్లు. మోకాళ్లకు మాత్రం ఇంకో పదేళ్లు ఎక్కువ. శాఖకు ఉన్న ఒక్క జీపు పార్వతీపురంలో ఎవరి కోసమో తిరుగుతుంటే ఆమె బొర్రా సొరంగాల గుండా పాసింజరు బండిలో వచ్చింది. కొత్త సర్క్యులరు ఒకటి వచ్చింది లెండి. ఉద్యోగాల్లో ఆడ, మగ తేడా చూపించే యజమానుల మీద చట్టం గట్టిగా అమలు చేయాలట, పని జరిగే చోటికే వెళ్లి విచారించాలట. రాసినవారికి మోకాళ్లు బాగున్నట్టున్నాయి. సమాన వేతన చట్టంలో జీతం సంగతే కాదు, ప్రమోషన్లలో, బదిలీల్లో కూడా తేడా చూపకూడదని ఒక సెక్షనుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ సెక్షను కింద ఆమె ఆరు కేసులు రాసింది. ఆరూ సాక్షుల దగ్గరే పోయాయి. గిరిజనురాలని పని ఇవ్వకపోతే అది ఇంకో చట్టం, ఇంకో ఆఫీసు. ఆడది కాబట్టి ఇవ్వలేదంటేనే తన చట్టం. కనకకు రెండు విధాలా ఇవ్వలేదు. అందులో సగానికి మాత్రమే గంగాభవాని ఆఫీసరు.

లాడ్జి భోజనాల గదిలో పోలయ్య బల్ల మీద కొత్త గుడ్డ పరిపించాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ముప్పయ్యేళ్ల కిందట ఈ లాడ్జికి వాచ్‌మన్‌గా వచ్చి మేనేజరైనవాడు. కొండ భాష వచ్చు, కొండ పద్ధతులు వచ్చు. ఎవరింట ఎప్పుడు కొత్త పంట తినే కొత్తల పండుగో కూడా అతన్ని అడిగి తెలుసుకోవచ్చు.

"దయచెయ్యండి అమ్మగోరూ. ఎండనబడి ఒచ్చినారు. ముందు టిఫిను తీసుకోండి, తరవాత మీ పని బేగి అయిపోద్ది" అన్నాడు.

"టిఫిను వద్దండి. మంచినీళ్లివ్వండి చాలు."

గోడ పక్క బెంచీ మీద లాడ్జిలో పనిచేసే నలుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. అయిదో సాక్షి కృపావతి గ్లాసులు అందిస్తోంది. కిటికీ దగ్గర కుర్చీలో కనక మామ గాసి. ఆ ఊరికి పెద్ద. భుజం మీద ఉతికిన తువ్వాలు, చేతిలో కర్ర. కనక అతన్ని చూసి పైట సర్దుకుని ద్వారం దగ్గరే నేల మీద కూర్చుంది. గంగాభవాని కుర్చీలో కూర్చోమన్నా లేవలేదు.

విచారణ మొదలైంది. మొదటామె పేరు అచ్చియమ్మ. వంటమనిషి పని కనక అడిగినప్పుడు మేనేజరు ఏమన్నాడో నీ ముందే కదా అన్నది అని గంగాభవాని అడిగింది. కిందటి నెల ఆమె చేతే రాయించుకున్న వాంగ్మూలం కళ్లముందే ఉంది.

"ఆ మాట అయిపోనాది మేడమ్" అంది అచ్చియమ్మ.

"అయిపోవడమేమిటి? అన్నాడా, లేదా?"

"అయిపోనాది మరి."

రెండో ఆమె అదే మాట. మూడో ఆమె, నాలుగో ఆమె అదే. గొంతులో భయం లేదు, సిగ్గు లేదు. ఇంటి ముందు ముగ్గు వేసేశాను అన్నంత మామూలుగా చెప్పారు. గంగాభవానికి అదే వింతగా తోచింది. భయపెడితే జనం చేతులు నలుపుకుంటారు. కొనేస్తే కిందకు చూస్తారు. ఆ రెండూ ఆమె చాలా చూసింది. వీళ్లు మాత్రం తిన్నగా తన ముఖంలోకి చూస్తున్నారు, ఈమెకు ఇంత చిన్న సంగతి అర్థం కాదేమని జాలిపడుతున్నట్టు.

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఒళ్లంతా అలసట ఆవరించింది. కోపం వచ్చినా బాగుండునని అనిపించింది, రాలేదు.

"గాసి గారూ, మీరు చెప్పండి. వీళ్లకు ఏం చెప్పి తీసుకొచ్చారు?"

గాసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సభలో మాట్లాడే మనిషి కూర్చుని మాట్లాడడు.

"ఈ బాబు మా ఊరొచ్చినాడు తల్లీ. కిందటి మంగలారం. సొంతంగా మేకని పట్టుకొచ్చినాడు. శంకుదేవుడి రాయి ముందర, మా పెద్దలందరం కూకున్న కాడ, తువ్వాలు పరిసి నేల మీద కూకున్నాడు. తప్పు అయిపోనాది అని నోటితో అన్నాడు. మేక కోసినాం. ఊరంతా తిన్నాది. అదే మా పద్దతి."

కొండ ఊళ్ల సంగతి తెలియని గంగాభవానికి అది అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అక్కడ ఒకడు ఇంకొకడికి అన్యాయం చేస్తే పోలీసు దాకా పోరు. చేసినవాడు పెద్దల ముందు తువ్వాలు పరిచి ఇదీ నా తప్పు అని చెప్పుకుని, ఊరికి భోజనం పెట్టాలి. దాన్ని తప్పు కూడు అంటారు. తిన్న నోరు ఆ తగువు మళ్లీ ఎత్తకూడదు. ఎత్తితే ఊరి మాట కొట్టేసినట్టే. అలాంటివాళ్లకు ఊళ్లో నిప్పూ నీరూ ఇవ్వరు. తాతల నాటి నుంచి ఎన్నో తలలు పగలకుండా కాపాడిన పద్ధతి అది, తక్కువది కాదు. దాన్ని పోలయ్య జేబురుమాలులా వాడుకున్నాడు.

"ముప్పయ్యేళ్లయినాది తల్లీ, ఈ లాడ్జీ కట్టి" అన్నాడు గాసి. "కిందోడు ఒక్కడంటే ఒక్కడు మా ముందర నేల మీద కూకోనేదు. ఈ బాబు కూకున్నాడు. తప్పు ఒప్పుకున్నోడు సరిసేత్తాడు కదా. కోడలికి గరిటె ఇచ్చేత్తాడని అనుకున్నాం."

"ఇచ్చాడా మరి?"

గాసి పోలయ్య వైపు చూశాడు. పోలయ్య బల్లగుడ్డ అంచు సవరించుకుంటున్నాడు.

గంగాభవాని నిటారుగా కూర్చుంది. ఊరి పెద్దలందరి ముందు మేనేజరు తప్పు ఒప్పుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఏ యజమానీ తన ముందు ఒప్పుకోనిది ఇతగాడు ఒక రాయి ముందు ఒప్పుకుని వచ్చాడు. "ఏ తప్పని చెప్పాడు గాసి గారూ? ఆయన అన్న మాట అన్నట్టు చెప్పండి. నేను రాసుకుంటాను. ఇంకేమీ అక్కర్లేదు."

గాసి తల అడ్డంగా ఊపాడు. "అది సెప్తే తగువు ఎత్తినట్టే తల్లీ. తిన్నోలెవరూ సెప్పకూడదు."

పోలయ్య చిన్నగా దగ్గాడు. చూశారా ఎంత పకడ్బందీగా కట్టాడో. ఒప్పుకున్నాడు, ఒప్పుకున్న మాటకు ఊరంతటినీ మూతగా పెట్టాడు. కథ చెప్పే నాకు ఇలాంటివాళ్ల మీద కోపం రావడం మానేసి చాలా కాలమైంది, ఈ పోలయ్య మీద మాత్రం వచ్చింది.

"కనక కూడా తిందా?" అని అడిగింది గంగాభవాని. "రిజిస్టరు ప్రకారం ఆ రోజు కనక డ్యూటీలో ఉంది కదా."

"డూటీలోనే ఉంది అమ్మగోరూ" అన్నాడు పోలయ్య. "ఊరోలు ఆవిడ వాటా ఆకులో కట్టి కూతురు సోని సేత పంపినారు. తిన్నాది. నా కల్లారా సూసినాను. యెనకాల పంపు కాడ తిన్నాది."

గంగాభవాని కనక వైపు తిరిగింది. "తిన్నావా?"

"తిన్నాను మేడమ్. ఆ రోజు అరవై మంది దిగినారు. పొద్దుటేల నుంచి ఏటీ తిన్నేదు. ఊల్లో ఇందు బోజనం అని మా సోని గుంట అన్నాది. ఎవరి మేకో దానికి తెల్దు, నాకూ తెల్దు. ఆకలేసి తినేసినాను." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఆ మాటలు ఇన్నాళ్లూ తనలో తాను ఎన్నిసార్లు చెప్పుకుందో అరిగిపోయాయి.

"పంపు దగ్గర ఎందుకు తిన్నావు? లోపల స్టాఫు బల్ల ఉంది కదా."

కనక మాట్లాడకముందే పోలయ్య అందుకున్నాడు. "బాత్రూములు కడిగినావిడ వంటగదిలోకి ఎలాగొత్తాదమ్మా. టూరిస్టులు సూత్తే ఏటంటారు."

"రవిబాబు కూడా బాత్రూములే కదా కడుగుతాడు. రిజిస్టర్లో ఉంది. ఆయన ఎక్కడ తింటాడు?"

"ఆడు లోపలే తింటాడు. మగోడు కదా, కాలూ సెయ్యీ కడుక్కుని ఒచ్చేత్తాడు."

గంగాభవాని పెన్ను అందుకుని ఆ మాట అక్షరం పొల్లుపోకుండా రాసింది. రాసి పైకి చదివింది. అప్పటికి గాని పోలయ్యకు తాను ఏమన్నాడో తెలియలేదు. నోరు ఎక్కువైతే తెలివి ఎంతున్నా ఏం లాభం.

అయితే ఆ ముక్క ఒక్కటే చాలదని గంగాభవానికి తెలుసు. కింద కోర్టులో ఏ చిన్న లాయరైనా ఒక్క ఊపులో ఊదేస్తాడు. వంటమనిషి పని ఎందుకివ్వలేదన్నది నోటి మాటతో తేలాలి.

గదిలో పంపు మాట విని మారిన ముఖం ఒకటే, గాసిది. "పంపు కాడా?" అన్నాడు కోడలితో. "ఎన్నాల్ల నుంచి?"

"నాలుగు నెల్లు అయినాది మావా."

"నాకు సెప్పనేదేటి?"

"ఏటని సెప్పను? మీరు పెద్దోలు. నా కోడలు లాడ్జీలో వంట సేత్తాదని సంతలో అందరికీ సెప్పుకునేవోరు."

గాసి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి అలా కుంగిపోతే చూడలేక గంగాభవాని తల తిప్పుకుంది. ఆయనకు మోసం తెలిసింది. తెలిసినా ఆయన మాట ఆయన్ను కట్టేసింది.

గడియారం రెండున్నర. మూడున్నరకు రైలు. గంగాభవాని కాగితాల మీద అయిదో పేరు దగ్గర ఆగింది. "కృపావతీ, నువ్వు కూడా అయిపోయిందనే అంటావు కదా. అనేసి సంతకం పెట్టు."

కృపావతి ట్రే బల్ల మీద పెట్టింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఊరి చివర ఉన్న మూడు చర్చి ఇళ్లలో ఒకటి ఆమెది. ఆమె గాసి వైపు తిరిగి చేతులు కట్టుకుంది.

"తాతా, తప్పుగా అనుకోకు. ఏ మేక కోసినా దేవుడి ముందర పెట్టక ముందే మా మూడిల్ల వాటా పచ్చిది తీసి పక్కనెడతారు కదా. రాయి ముందర పెట్టినాక మాము తినం కదా అని."

"అవును, ఎడతాం" అన్నాడు గాసి.

"ఆ రోజు ఎట్టనేదు. బాబుగోరు తువ్వాలు పరిసి కూకుంటే అందరూ ఆ సంబరంలో పడిపోనారు. మేకని అలాగే మొత్తం రాయి ముందర కోసేసినారు. మా ఇల్లకి వాటా రానేదు. మాము తిన్నేదు."

బెంచీ మీది ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గాసి కర్ర మీద చెయ్యి బిగించాడు. ఊళ్లో ఎవరి వాటా మరిచినా అది పెద్దకు తలవంపు. ముప్పయ్యేళ్లకు ఒకడు తన ముందు వంగితే, ఆ ఆనందంలో ఆయన మూడు ఇళ్లను మరిచిపోయాడు. పోలయ్యకు కొండ పద్ధతులన్నీ తెలుసు గాని, చర్చి ఇళ్లు అతని ముప్పయ్యేళ్ల చదువులో చదవకుండా వదిలేసిన పాఠం.

"తిన్నేదు కాబట్టి సెప్పగలను" అంది కృపావతి. "కూకున్నోల యెనకాల నిలబడి నాను ఇన్నాను. ఆడదాని సేతికి గరిటె ఇత్తే మా ఓనరు ఒప్పుకోడు, అందుకే ఇవ్వనేదు, మీ కోడలికి పని రాక కాదు, అది నా తప్పే అన్నాడు."

గంగాభవాని రాస్తోంది. పోలయ్య కుర్చీ జరిపాడు. "అబద్దం అమ్మగోరూ. కృపావతీ, నీ పని సంగతి సూసుకో."

"బెదిరింపు కూడా రాసుకుంటున్నాను పోలయ్య గారూ" అంది గంగాభవాని తల ఎత్తకుండానే.

అప్పుడు గాసి లేచాడు. పోలయ్యను చూడలేదు, ఆఫీసరును చూడలేదు. కనక ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"కోడలా, ఆడు మనల్ని మోసం సేసినాడు, నిజమే. ఆడి పాపం ఆడిది. గాని ఊరు తిన్నాది. తిన్నాక ఊరి మాట ఒక్కటే ఉండాల. ఆ గుంట రాయించిన కాగితం కిందకెల్లిపోతే ఆ మూడిల్లకీ నిప్పూ నీరూ ఉండవు. నాను అనక్కర్లేదు, ఊరే అంటాది. నీ కోసం సెప్తన్నాది అది. నువ్వు కూకోమంటే కూకుంటాది. ఒక్క మాట అను."

గదిలో అందరూ కనకనే చూశారు. కృపావతి ముఖం పాలిపోయింది. ఇంట్లో ఆమెకు ముసలి తల్లి ఉంది, ఊరి ఊట నుంచి నీళ్లు మోసుకొస్తే గాని పొయ్యి వెలగదు. గంగాభవాని రాయడం ఆపేసింది. ఈ పిల్లను కూర్చోమంటే కనక మీద తనకు కోపం రాదని ఆమెకు తెలుసు. ఆరు కేసుల్లోనూ ఇలాంటి చోటే ఎవరో ఒకరు కూర్చున్నారు.

కనక నేల మీద నుంచి లేచింది. లేచాక మామకు ఎదురుగా నిలబడలేక కొంచెం పక్కకు జరిగింది.

"కూకోమనను మావా" అంది. "అది నాలుగు నెల్లుగా రోజూ లోపలి నుంచి నాకు గ్లాసుతో టీ తెచ్చి పంపు కాడ ఇచ్చినాది. ఊరు దాన్ని ఎలేత్తే నన్నూ ఎలెయ్యండి. ఊరి కూడు తిని మాట తప్పినాననే అనండి. కాగితం మీద నా సంతకం కూడా ఎట్టేత్తాను."

ఆమె బల్ల దగ్గరకు వచ్చింది. వయోజన విద్యలో నేర్చుకున్న మూడక్షరాలు, ఒక్కొక్కటే దిద్ది సంతకం చేసింది.

గాసి ఆ కాగితాన్ని చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటకు నడిచాడు. నలుగురు ఆడవాళ్లు వెనకాలే లేచారు. గుమ్మం దగ్గర ఆయన ఆగాడు.

"నువ్వు ఎక్కడైనా ఉండు కోడలా. సోని మా ఇంటి గుంట. అది ఊల్లోనే ఉంటాది."

వెళ్లిపోయాడు. పోలయ్య కూడా ఎప్పుడు లేచాడో, అతని కుర్చీ ఖాళీగా ఉంది. కనక గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

"మేడమ్, మీ సట్టంలో దీనికేటైనా ఉందా?" అంది కనక.

లేదు. చట్టం పనిచేసే చోటు దాకానే వస్తుంది. ఆ తరువాత కొండ ఎక్కే దారి మొదలవుతుంది, అక్కడికి ఏ సర్క్యులరూ రాదు. ఇన్నేళ్లూ గంగాభవాని ఆ దారి మొదట్లోనే వెనక్కి తిరిగి రైలెక్కింది. సాక్షులు ఆ దారిలోనే ఇంటికి వెళ్లేవారు.

ఫైలుకు తాడు బిగించి గంగాభవాని గడియారం చూసింది. రైలుకి ఇంకా అరగంట ఉంది. మోకాళ్లు రెండూ పొద్దున్నుంచీ సలుపుతున్నాయి.

"మీ ఊరికి నడిస్తే ఎంతసేపు?"

"మాకైతే గంట. మీకు రెండు గంటలు పడతాది."

"కృపావతీ, నాకొక కర్ర చూసి పెట్టమ్మా."

ముగ్గురూ మెట్లు దిగారు. గేటు దగ్గర ఎప్పుడూ ఉండే లాడ్జి జీపు లేదు. వాచ్‌మన్ సోమన్న కనకను చూసి బీడీ పడేసి దగ్గరకొచ్చాడు.

"మేనేజరుగోరు ఇప్పుడే మీ ఊరు ఎల్లినారు" అన్నాడు. "మీ మావని ఆపి, జీపులో ముందర సీట్లో కూకోబెట్టుకుని తీసుకెల్లినారు."